పచ్చగా ఉంటే చాలదు!

‘గడ్డే కదా అల్లుడూ! ఇవాళ పోతే నెలకి మళ్లీ మొలుస్తుంది. దానికింత ఆలోచనెందుకు?’

మా మేనమామ మాట ఇది. తెనాలి దగ్గర పల్లెలో ఆయనకి కాస్త మాగాణి ఉంది. వానాకాలం చివర్లో ఓ ఆదివారం ఆ పొలానికి వెళ్లాను. చేను కళకళలాడుతోంది. గట్టు మాత్రం ఎవరో నిప్పంటించినట్టు ఎర్రగా మాడిపోయి ఉంది. నిప్పు కాదు, గడ్డిమందు!

‘పార పట్టి గట్టు చెక్కే మనిషి ఇప్పుడెక్కడ దొరుకుతున్నాడు? దొరికినా వాడడిగే కూలికి పంటలో ఏం మిగులుద్ది? మందు కొడితే గంటలో పనైపోద్ది’ అన్నాడు మావయ్య. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. సేద్యం చేసేవాడి కష్టం సేద్యం చేసేవాడికే తెలుస్తుంది. గట్టు మీద నిలబడి నీతులు చెప్పడం తేలిక.

కానీ పక్కనే ఇంకో గట్టు ఉంది. ఆ ఆసామికి రెండు గేదెలున్నాయి. రోజూ పొద్దున్నే కొడవలి పట్టుకొచ్చి మోపు గడ్డి కోసుకెళతాడు. అందుకని ఆ గట్టు మీద మందు చుక్క పడలేదు. మొన్నటి వానకి మావయ్య గట్టు రెండుచోట్ల జారి బోదెలో పడింది. పక్క గట్టు చెక్కుచెదరలేదు. ఇది చూసి అంతా గడ్డి మహిమేనని తీర్పు చెప్పలేను, ఆ గట్టు కాస్త వెడల్పు కూడా. అయినా మనసులో ఓ ప్రశ్న మొలిచింది. మావయ్య చెప్పినట్టు గడ్డి మళ్లీ మొలుస్తుంది, నిజమే. పోయిన గడ్డే మొలుస్తుందా?

చూడ్డానికి చిన్న ప్రశ్న. దీనికి జవాబు కోసం ఓ దేశంలో నూట డెబ్భై ఏళ్లుగా ఒకే పొలాన్ని కనిపెట్టుకుని కూర్చున్నారంటే నమ్ముతారా?

మనమూ గడ్డి తినేవాళ్లమే!

మన భాషలో గడ్డికి మర్యాద తక్కువ. తప్పుడు పని చేసినవాడు ‘గడ్డి తిన్నాడు’. చీవాట్లు పెట్టిన పెద్దాయన ‘గడ్డి పెట్టాడు’. లెక్కలోకి రాని మనిషి ‘గడ్డిపోచ’. అబద్ధమాడి దొరికిపోయినవాడి గురించి చెప్పాలన్నా తాటిచెట్టూ, దూడగడ్డీ ఉండాల్సిందే.

అయితే పొద్దున మనం తిన్న ఇడ్లీలో బియ్యం గడ్డి గింజే. వరి, జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, గోధుమ అన్నీ గడ్డి కుటుంబంలోవే. కాఫీలో వేసుకునే పంచదారకు మూలమైన చెరకు కూడా గడ్డే. ఆఖరికి వెదురూ గడ్డే. ప్రపంచంలో ఈ ఒక్క కుటుంబంలోనే పదకొండు వేలకు పైగా జాతులున్నాయి. లెక్క ప్రకారం మనమంతా రోజుకి మూడుపూటలా గడ్డి తింటున్నవాళ్లమే!

మన పెద్దవాళ్లు గడ్డిని పట్టించుకోలేదని కాదు. వినాయక చవితి పత్రిలో గరిక లేకపోతే పూజ పూర్తికాదు. గ్రహణం పట్టిందంటే ఊరగాయ జాడీల మీద దర్భ పెడతారు. వేసవిలో వట్టివేరు తడికలు కట్టి నీళ్లు చిలకరిస్తారు. శరదృతువులో ఏటి ఒడ్డున రెల్లు పూస్తే ఇక వానలు వెనకబట్టాయని లెక్క. ఎద్దుకేది పెట్టాలో, ఇంటి పైకప్పుకేది వాడాలో, కట్టకేది నాటాలో తెలిసినవాళ్లు గడ్డిలో తేడాలు కనిపెట్టకుండా ఎలా ఉంటారు?

ఆ రోజు గేదెల ఆసామి గట్టు మీద గొంతుకూర్చుని చూశాను. దూరానికి ఒకటే పచ్చదనం. దగ్గరికెళితే ఓ పెళ్లి పందిరి! నేలకి అంటుకుని గరిక. దాని మధ్య తుంగ. తుంగ కాడని రెండు వేళ్ల మధ్య దొర్లిస్తే మూడు పలకలు తగులుతాయి, అందుకే అది అసలు గడ్డి కాదు, గడ్డికి దూరపు చుట్టం. తడి ఉన్నచోట పొన్నగంటి కూర, గుంటగలగర. కాస్త పైన గలిజేరు, నేల ఉసిరి. అల్లుకుంటూ పిల్లిపెసర. ఇవిగాక నాకు పేర్లు తెలియనివి ఎన్నో. రెండు చేతుల వేళ్లూ అయిపోయాక లెక్క ఆపేశాను. మావయ్య గట్టు మీదికొస్తే, మాడిన ఆకుల మధ్య నుంచి అప్పుడే మళ్లీ తలెత్తినవి రెండే రెండు, తుంగ, గరిక.

దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. పైన ఆకుని మాత్రమే మాడ్చే మందు పదేపదే కొడితే, నేల లోపల దుంపలూ వేరుకాడలూ దాచుకున్న మొండిఘటాలే ముందు లేస్తాయి. గింజ మీదే బతికే చిన్న మొక్కలు పూతకి రాకుండానే పోతాయి. ఖాళీ దొరికిన నేలలోకి వయ్యారిభామ లాంటివి వచ్చి కూర్చుంటాయి. నెలకి గట్టు మళ్లీ పచ్చబడుతుంది. మావయ్య మాట నిజమవుతుంది. కానీ ఆ పచ్చదనం మునుపటిది కాదు.

నూట డెబ్భై ఏళ్ల పొలం

ఇంగ్లండులో లండన్‌కి ఉత్తరాన రోథమ్‌స్టెడ్ అనే చోట ఓ పరిశోధన కేంద్రం ఉంది. 1856లో జాన్ బెనెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ అనే ఇద్దరు అక్కడ ఓ పాత పచ్చికను మడులుగా విడదీశారు. వాళ్ల ఉద్దేశం చాలా మామూలుది. ఏ ఎరువు వేస్తే పశువులకి ఎండుగడ్డి ఎక్కువొస్తుంది? కొన్ని మడులకి నత్రజని, కొన్నిటికి భాస్వరం, పొటాష్, కొన్నిటికి పశువుల ఎరువు వేశారు. కొన్నిటికి ఏమీ వేయలేదు.

రెండు మూడేళ్లు తిరక్కుండానే వాళ్లు కంగుతిన్నారు. గడ్డి ఎంత వచ్చిందన్నది పక్కన పెడితే, ఏ గడ్డి వచ్చిందన్నదే మారిపోయింది! అన్ని మడుల్లోనూ మొదట ఉన్న పచ్చిక ఒకటే, నేల ఒకటే. అయినా ఒక్కో మడిలో ఒక్కో రకం గింజలు చల్లినట్టు తయారైంది. లాస్, గిల్బర్ట్ పోయారు. వాళ్ల తర్వాత తరాలు మారాయి. ప్రపంచ యుద్ధాలు రెండు జరిగాయి. కానీ ఆ పచ్చికను కోయడం, లెక్కపెట్టడం ఆగలేదు. ‘పార్క్ గ్రాస్’ పేరుతో ఈనాటికీ సాగుతోంది.

ఇన్నేళ్ల లెక్కలో తేలిందేమిటంటే... ఏ ఎరువూ వేయని మడుల్లో నలభై రకాల దాకా మొక్కలు కలిసి బతుకుతున్నాయి. సున్నం వేయకుండా అమ్మోనియం సల్ఫేటు దండిగా వేస్తూ వచ్చిన మడుల్లో రెండు మూడు రకాలే మిగిలాయి. ఎరువుతో బలం పుంజుకున్న పొడుగు గడ్డి వెలుతురంతా తానే తీసుకుంటుంది. కింద ఉన్న చిన్న మొక్కలు నీడలో నీరసించి పోతాయి. దానికితోడు ఆ ఎరువు నేలని పులుపెక్కించింది. ఎక్కువ గడ్డి వచ్చింది, తక్కువ రకాలు మిగిలాయి.

ఓ ఊరట కూడా ఉంది. 1989లో కొన్ని మడులకి నత్రజని ఆపేశారు. పోయిన రకాలు మెల్లగా, ఒకటొకటిగా వెనక్కి రావడం మొదలుపెట్టాయి. నేల క్షమిస్తుంది. కాకపోతే తొందరపడదు. పైగా పోయిన మొక్క తిరిగి రావాలంటే దాని గింజ దగ్గర్లో ఎక్కడో బతికి ఉండాలి. చుట్టూ ఉన్న గట్లన్నీ మాడిపోతే ఆ గింజ ఎక్కడి నుంచి వస్తుంది?

కరవు పెట్టిన పరీక్ష

‘రకాలు తగ్గితే నష్టమేంటి? పచ్చగా ఉంటే చాలదా?’ అని అడగొచ్చు. ఈ ప్రశ్నకి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సీడర్ క్రీక్ అనేచోట ప్రకృతే పరీక్ష పెట్టింది. డేవిడ్ టిల్మన్ అనే శాస్త్రవేత్త అక్కడి గడ్డి భూముల్లో 207 మడులని ఏటా పరిశీలిస్తున్నాడు. వాటిలో కొన్నిట్లో రకాలు ఎక్కువ, కొన్నిట్లో తక్కువ. ఇంతలో 1987-88లో ఆ ప్రాంతంలో అర్ధ శతాబ్దంలో చూడనంత కరవు వచ్చింది.

ఎక్కువ రకాలున్న మడుల్లో గడ్డి సుమారు సగానికి తగ్గింది. ఒకటి రెండు రకాలే ఉన్న మడుల్లో ఎనిమిదో వంతుకు పడిపోయింది! కరవు పోయాక తేరుకోవడంలోనూ ఎక్కువ రకాలవే ముందున్నాయి. 1994లో ఈ లెక్కలు బయటికొచ్చాక శాస్త్రవేత్తల్లో పెద్ద వాదనే నడిచింది. ‘రకాలు తక్కువున్న మడులకే ఎరువు ఎక్కువ పడింది, తేడా దాని వల్లే’ అన్నారు కొందరు. సరే, మొదటి నుంచీ చేసి చూద్దామని అదే ఏడు తొమ్మిది మీటర్ల మడులు 168 కట్టి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు రకాల చొప్పున గింజలు చల్లారు. ఏళ్లు గడిచేకొద్దీ రకాలు ఎక్కువున్న మడులే ఎక్కువ గడ్డి ఇస్తూ వచ్చాయి.

ఇందులో మాయ లేదు. ఉమ్మడి కుటుంబాన్ని తలుచుకోండి. ఒకరికి ఉద్యోగం, ఒకరికి సేద్యం, ఒకరికి పాడి. ఓ ఏడు పంట పోయినా ఇల్లు గడుస్తుంది. గడ్డిలోనూ అంతే. ఒకదాని వేరు పైపైన పాకుతుంది, ఇంకొకటి మనిషి లోతు దిగుతుంది. ఒకటి వానకి పుంజుకుంటుంది, ఇంకొకటి ఎండకి ఓర్చుకుంటుంది. పిల్లిపెసర లాంటి చిక్కుడు జాతి మొక్క గాల్లోని నత్రజనిని నేలకిచ్చి పక్కవాళ్లకీ పెడుతుంది.

ఇవన్నీ చలి దేశాల గడ్డి భూముల ముచ్చట్లు. మనది ఎండల దేశం. అక్కడి అంకెలన్నీ ఇక్కడ పొల్లుపోకుండా సరిపోతాయని చెప్పకూడదు. అక్కడి నుంచి మనం తెచ్చుకోవాల్సింది అంకెల్ని కాదు, చూసే చూపుని. ఆ చూపుతో తెనాలి నుంచి ఓసారి బయల్దేరి చూడండి.

ఇసుకలో రావణాసురుడి మీసాలు

తెనాలిలో రైలెక్కితే నిడుబ్రోలు మీదుగా బాపట్ల ఎంతో దూరం కాదు. దారంతా కిటికీలోంచి కనిపించేది ఒకే గడ్డి, వరి. అందులోనూ బాపట్లకి ఓ ప్రత్యేకత ఉంది. ఆంధ్ర ప్రాంతంలో మొదటి వ్యవసాయ కళాశాల 1945లో అక్కడే పుట్టింది. మన ఇళ్లలో సన్నబియ్యంగా వండుకునే సాంబ మసూరి, రైతులు బీపీటీ 5204 అని పిలిచేది, 1986లో విడుదలైంది బాపట్ల నుంచే. బీపీటీ అంటే బాపట్లే మరి!

ఆ వరి కథలోనూ గడ్డి నీతి ఒకటుంది. లక్షల ఎకరాల్లో ఒకే రకం వేస్తే తెగులుకి పండగే. సాంబ మసూరిని బ్యాక్టీరియా ఎండాకు తెగులు పట్టుకుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం శాస్త్రవేత్తలు కలిసి దాన్ని తట్టుకునే కొత్త సాంబ మసూరిని తయారుచేశారు. 2008లో అది విడుదలైంది. అందులో చేర్చిన మూడు జన్యువుల్లో ఒకటి మొదట దొరికింది ఎక్కడో తెలుసా? ఆఫ్రికాలో తనంతట తాను పెరిగే ఓ అడవి వరిలో. ఎవరూ విత్తని, ఎవరూ కోయని ఓ గడ్డి! దాన్ని పనికిరాని కలుపని ఏ రోజో పీకి పారేసి ఉంటే మన కంచంలోకి ఆ సాయం వచ్చేది కాదు.

బాపట్లలో దిగి సూర్యలంక తీరానికి వెళితే లోకం మారిపోతుంది. నల్లరేగడి పోయి తెల్ల ఇసుక. ఇక్కడ గరిక ఆటలు సాగవు. గాలికి ఇసుక రోజూ కదులుతుంది, ఉప్పు తుంపర ముఖం మీద కొడుతుంది. అక్కడ ముందు వరసలో నిలబడేది సూదుల్లాంటి ఆకులున్న రావణాసురుడి మీసాలు. దాని కాయల గుత్తి ముళ్ల బంతిలా ఉంటుంది. ఎండాక తెగి, గాలికి తీరం వెంట దొర్లుకుంటూ పోతుంది. పిల్లలు దాని వెంటపడి పరిగెత్తుతారు. ఆ బంతి ఎక్కడ ఆగితే అక్కడ గింజ నాటుకుంటుంది. దానికి తోడు మేక గిట్టలాంటి ఆకులతో, ఊదారంగు పూలతో పాకే బాలబంద తీగ.

ఈ రెండూ ఇసుకను పట్టి ఆపుతాయి. ఇసుక ఆగాక కాస్త లోపలికి తుంగలు, ఇంకొన్ని గడ్లు వస్తాయి. ఆ వెనక ముళ్ల పొదలు, మొగలి, తాడి. ముందొచ్చినవాళ్లు చదును చేసిపెడితే వెనకొచ్చినవాళ్లు ఇల్లు కట్టుకున్నట్టు! సముద్రం నుంచి ఊరివైపు వంద అడుగులు వేస్తే చాలు, ఒక మొక్క తర్వాత ఇంకో మొక్క నేలను ఎలా ఆక్రమిస్తుందో కళ్లకు కడుతుంది. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కాచుకుని చూసే మార్పు ఇక్కడ వరసగా పరిచి ఉంటుంది.

ఇది అందం కోసం చెబుతున్నది కాదు. బాపట్ల తీరంలో ఇసుక కింద పైపైన మంచినీళ్లు, ఆ కింద ఉప్పునీళ్లు ఉంటాయి. మన వాళ్లు దొరువులు తవ్వి పై నీటిని మాత్రం తోడుకుంటారు. ఇసుకదిబ్బ వాననీటిని దాచిపెట్టే కుండ. ఆ కుండ కదిలిపోకుండా పట్టుకున్నది ముళ్ల గడ్డీ, పాకే తీగా. దిబ్బని చదును చేసి ఒకే రకం సరుగుడు వేసినా పచ్చగానే కనిపిస్తుంది. కానీ సరుగుడు కింద రాలిన పుల్లాకు మందంగా పరుచుకుని ఇంకేదీ పెద్దగా మొలవనివ్వదు.

కట్టను పట్టుకున్న వేళ్లు

మళ్లీ తెనాలి వచ్చి రేపల్లె రైలెక్కితే మూడో లోకం. రేపల్లె దాటి నిజాంపట్నం, లంకెవానిదిబ్బ వైపు వెళ్లేకొద్దీ నేలలో ఉప్పు పెరుగుతుంది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు అది. పోటుకి మునిగి, పాటుకి తేలే బురదలో మడ చెట్లు, ఎర్రబారిన ఇలకూర. కృష్ణా, గోదావరి ముఖద్వారాల బురదల్లో ఉప్పునీళ్లలోనే పెరిగే వరి దాయాది ఒకటి ఉంది. ఉప్పును తట్టుకునే వరి కోసం శాస్త్రవేత్తలు దాని జన్యువుల్ని పరిశీలిస్తున్నారు. సముద్రం ముందుకొచ్చే రోజుల్లో మన మాగాణికి అవసరమయ్యే విద్య ఆ బురద గడ్డి దగ్గరుంది.

రేపల్లె వాళ్లకి గడ్డి కంటే ముందు గుర్తొచ్చేది కరకట్ట. 2009 అక్టోబరు వరదలో కట్ట తెగి ఆ ప్రాంతంలో ఊళ్లు మునిగాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలినప్పుడు జనం రాత్రుళ్లు కట్ట మీదే కాపలా కాశారు. ఇసుక బస్తాలు మోసినవాళ్లకి తెలుసు, కట్ట అంటే వట్టి మట్టి కాదు, ఊరి ప్రాణం.

ఆ మట్టిని పైన పట్టి ఉంచేది ఏమిటి? సముద్ర మట్టం కంటే దిగువన బతుకుతున్న నెదర్లాండ్స్ వాళ్లకి ఇది చావుబతుకుల ప్రశ్న. అక్కడి పరిశోధకులు వరదకట్ట లాంటి వాలు మీద ఎక్కువ రకాలూ, తక్కువ రకాలూ మొక్కలు పెంచి, మట్టి ఎంత కొట్టుకుపోతుందో చూశారు. 2015లో ఆ ఫలితాలు ప్రచురించారు. రకాలు తగ్గేకొద్దీ మట్టి కోత పెరిగింది. కారణం మన ఉమ్మడి కుటుంబం కథే. ఒకే రకం ఉన్నచోట ఆ మొక్కకి ఓ చెడ్డ ఏడాది వస్తే అక్కడ ఖాళీ పడుతుంది. నీళ్లకి ఆ ఖాళీయే దారి. పలురకాలుంటే ఒకటి పోయినచోట ఇంకొకటి అల్లుకుంటుంది.

దీన్నిబట్టి గడ్డి ఉంటే కట్ట తెగదని ఎవరూ అనుకోకూడదు. కట్ట ఎత్తు, మట్టి, అడుగున ఊట, ఎలుక బొరియలు... తెగడానికి కారణాలు చాలా ఉంటాయి. కానీ పైతోలు కాపాడే పని మాత్రం గడ్డిది. ఆ తోలు ఒకే నూలుతో నేసిందా, పలు నూళ్లతో నేసిందా అన్నది వాన వచ్చినరోజు తేలుతుంది.

గేదె చేసే మేలు

అలాగని గడ్డిని ముట్టుకోకుండా వదిలేయాలా? అదీ కాదు. రోథమ్‌స్టెడ్ మడుల్ని ఏటా రెండుసార్లు కోస్తారు. కోయకుండా వదిలేస్తే పొడుగువి పొట్టివాటిని మింగేస్తాయి, తర్వాత పొదలు, చెట్లు వస్తాయి. మితంగా మేపితే, వేళకి కోస్తే రకాలు నిలుస్తాయి. అతిగా మేపితే మట్టి తేలుతుంది. గేదెల ఆసామి కొడవలి రోజూ చేస్తున్నది ఇదే పని. ఆయన మోపు కోసం కోస్తున్నాడు, మొక్కలకి వెలుతురు పంచుతున్నాడు.

ఎక్కువ రకాలున్న పచ్చిక అంటే ఏ అడవుల్లోనో అనుకుంటాం. భూమ్మీద ఒక్క చదరపు మీటరులో అత్యధికంగా మొక్కల రకాలు లెక్కపెట్టింది అర్జెంటీనాలోని ఓ కొండ పచ్చికలో, 89 రకాలు! చిన్న జాగా వరకూ చూస్తే వానల అడవులు కూడా దాని ముందు దిగదుడుపే. అయినా గడ్డి భూమి కనిపిస్తే మన కాగితాలు దానికి పెట్టే పేరు బంజరు. బంజరంటే ఎవరికైనా ఇచ్చేయొచ్చు, ఏదైనా నాటేయొచ్చు.

ఆ చులకనకి మన రాష్ట్రంలోనే ఓ మూగసాక్షి ఉంది. బట్టమేక పక్షి కోసం కర్నూలు ప్రాంతంలో రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో ప్రకటించారు. మీటరు ఎత్తు పక్షి, చెట్టెక్కదు, గడ్డిలోనే గుడ్డు పెడుతుంది. చుట్టూ గడ్డి నేలలు దున్నేసి, కాలువ నీళ్లొచ్చి పంటలు మారాక ఆ పక్షికి చోటు కరవైంది. ఏళ్లుగా అక్కడ బట్టమేక కనిపించడం లేదు. అడవి నరికితే ఊరంతా గగ్గోలు పెడతాం. గడ్డి పోతే ఎవరికీ చప్పుడు వినపడదు. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక బయళ్ల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. ఇలాంటి చప్పుడు వినిపించడానికే!

ఈ ఆదివారం ఓ పని

దీనికి పెద్ద ప్రయోగశాలేమీ అక్కర్లేదు. నాలుగు మీటర్ల తాడు తీసుకుని నాలుగు పుల్లలకి చదరంగా కట్టండి. ఒక చదరపు మీటరు. కాలువ గట్టు మీదో, బడి ఆవరణలోనో, ఇంటి వెనక ఖాళీ జాగాలోనో పరవండి. పిల్లల్ని కూర్చోబెట్టి అందులో ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టించండి. పేర్లు తెలియకపోయినా పర్లేదు. ఆకు పొడుగు, పూత రంగు, కాడ గుండ్రమా మూడు పలకలా... నోట్‌బుక్‌లో రాయమనండి. వాళ్లకి తెలియని పేర్లు నాయనమ్మనో, అమ్మమ్మనో అడగమనండి. ఆవిడ చెప్పే కూరాకుల కథలు ఏ పుస్తకంలోనూ ఉండవు. వచ్చే వానాకాలం అదే చోట మళ్లీ తాడు పరవండి. ఏవి పోయాయి, ఏవి వచ్చాయి? లాస్, గిల్బర్ట్ చేసింది ఇంతకంటే వేరే పనేమీ కాదు. కాకపోతే వాళ్లు ఆపలేదు, అంతే.

మావయ్యకి ఇదంతా చెప్పాను. పార్క్ గ్రాస్ మాటకి నవ్వాడు. ‘తెల్లోళ్లకి పనిలేదురా’ అన్నాడు. కానీ కరకట్ట మాట దగ్గర ఊరుకున్నాడు. ఆయన అత్తవారిది రేపల్లె వైపు. ఆ రాత్రులు ఆయనకీ గుర్తే.

కాసేపాగి పక్క గట్టు వైపు చూసి గేదెల ఆసామిని కేకేశాడు. ‘ఏమోయ్, నా గట్టు గడ్డి కూడా నువ్వే కోసుకుపోరాదూ? నాకు మందు ఖర్చు తగ్గుద్ది, నీకు మోపు దొరుకుద్ది.’

ఆయన మావయ్య గట్టు కేసి ఓసారి చూశాడు. ‘కోసుకోటానికేముంది బావా? ముందు గడ్డి రానీ! మందు పడిన గట్టు గడ్డి గేదెకెలా పెట్టను? రెండు వానలు పోయాక చూద్దాం’ అన్నాడు.

మావయ్య తల గోక్కున్నాడు. గడ్డే కదా అనుకున్నది, ఇప్పుడు దానికోసమే ఎదురుచూడాల్సి వచ్చింది!